రాయి ఎక్కడ తడిసింది?

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనుల్లో రాతినార తీసేవాళ్లు. మనం ఆస్‌బెస్టాస్ అనేది దాన్నే. చూడ్డానికి దారపు పోగుల్లా ఉంటుంది గానీ అది రాయే. దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు. నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, నీళ్లు తగలకపోతే అది పుట్టేదే కాదు!

సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట అక్కడి డోలమైట్ పొరల మధ్యకు కరిగిన శిల చొరబడింది. ఆ వేడికి, సిలికా కలిసిన వేడినీళ్లకు డోలమైట్‌లోని మెగ్నీషియం తోడై సర్పెంటైన్ అనే ఖనిజం తయారైంది. దాని పోగుల రూపమే రాతినార. ఆ నీళ్లు ఎప్పుడో పోయాయి. కానీ కొంత భాగం హైడ్రాక్సిల్‌గా స్ఫటికంలోనే ఉండిపోయింది. నీటి లెక్కన చూస్తే ఖనిజం బరువులో దాదాపు 13 శాతం!

అంగారకుడి రాళ్లలో నీటి జాడ వెతికేదీ ఇలాగే. 1911 జూన్ 28న ఈజిప్టులోని నఖ్లా దగ్గర కొన్ని ఉల్కలు పడ్డాయి. అవి అంగారకుడివని ఎలా తెలుసు? ఆక్సిజన్ ఐసోటోపుల లెక్కలో వాటి కుటుంబానికే చెందిన మరో ఉల్కలో చిక్కుకున్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద కొలిచిన వాతావరణంతో సరిపోయాయి.

నఖ్లా రాళ్లలోని ఒలివిన్ స్ఫటికాల పగుళ్లలో తుప్పురంగు చారలున్నాయి. ఒలివిన్‌కు నీళ్లు తగిలి ఏర్పడిన బంకమన్ను ఖనిజాలవి. అసలు పేచీ ఇక్కడే. ఆ నీళ్లు ఈజిప్టువి కావచ్చు కదా?

జవాబు రాతి పైపెచ్చులో ఉంది. మన వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు ఉల్క పైభాగం కరిగి నల్లటి పెచ్చు కడుతుంది. తుప్పురంగు చారలు ఆ పెచ్చు దగ్గరికి వచ్చి తెగిపోయాయి. అంటే చారలు ముందు, పెచ్చు తర్వాత. నేల తాకకముందే ఆ రాయి తడిసింది. ఏది దేన్ని కోస్తే అది తర్వాతిదని సివిల్ వాళ్లు జియాలజీలో చదివే సూత్రమే ఇది.

అయితే తొందరపడొద్దు. ఆ రాళ్లలో చాలా ఒలివిన్ మారకుండా అలాగే ఉంది. నీళ్లు ఎక్కువకాలం నిలిచుంటే అది మిగిలేది కాదు. కాబట్టి ఆ చారలు నదికి సాక్ష్యం కావు, పగుళ్లలోకి కొన్నాళ్లు చేరిన కొద్దిపాటి నీళ్లకే సాక్ష్యం. బోరులో తడిమట్టి రాగానే నీళ్లు పడ్డట్టు కాదని కర్నూలు, కడప రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. 'అంగారకుడిపై నీళ్లు' అనే వార్త చూసినప్పుడు మనమూ మూడు ప్రశ్నలు వేసుకుందాం: ఆ రాయి ఎక్కడ తడిసింది? ఎప్పుడు తడిసింది? ఎన్నాళ్లు తడిగా ఉంది?