పాత పికప్ బండ్లలో విద్యుత్తు లోపములు – పరీక్షించు విధము

కొల్లేటి చుట్టుప్రక్కల చేపల చెఱువులు గల సభ్యులును, తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారునకును ఏలూరు పట్టణమునకును సరకు తోలు సభ్యులును నేడు పాత పికప్ బండ్లను విరివిగా కొనుచున్నారు. 2005వ సంవత్సరమున టాటా ఏస్ వెలువడినది మొదలు ఇట్టి చిన్న బండ్లు పల్లెలయందు వ్యాపించినవి. వాడిన బండి క్రొత్తదానికంటె చాల తక్కువ వెలకు వచ్చును గనుక రైతునకు అనుకూలమే. కాని కొనువారు ఇంజను, టైర్లు, కాగితములు చూతురేగాని, విద్యుత్తు భాగమును పరీక్షించువారు మిక్కిలి అరుదు.

తెల్లవారుజామున చెఱువు పట్టి, ట్రేలు నింపి, ఐసు వేసిన పిమ్మట సెల్ఫు తిరుగకున్నచో కలుగు నష్టము మన సభ్యులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఐసు కరగును, సరకు చెడును, ధర పడిపోవును.

కైకలూరు వైపు సభ్యుడొకరు ఒక్క యేటిలో రెండు బ్యాటరీలు కొనిరి. పిమ్మట ఆల్టర్నేటరును కూడ మార్చవలెనని వారికి సలహా కలిగెను. మేము వారితో కూడ కూర్చుండి వరుసగా పరీక్షింపగా, దోషము బ్యాటరీలోను లేదు, ఆల్టర్నేటరులోను లేదు. ఇంజనునుండి ఛాసీకి పోవు ఎర్తు పట్టీ, ట్రేలనుండి కారిన చేపనీటికి తుప్పుపట్టి యుండెను. దానిని ఊడదీసి, గీకి, మరల బిగించుటతో బండి బాగుపడెను. వరుస తప్పి వెదకుటవలన ఎంత సొమ్ము వ్యర్థమగునో దీనివలన తెలియగలదు. కావున ఆ వరుసను ఇచ్చట వివరించుచున్నాము.

వ్యవస్థ యెట్లు పనిచేయును?

బ్యాటరీని చెఱువుగా భావింపుడు. ఆల్టర్నేటరు ఆ చెఱువునకు నీరు తోడు ఇంజను. వైర్లు కాలువలు. సెల్ఫు, దీపములు, హారను, వైపరు నీరు వాడుకొను చేలు. చెఱువు ఎండినదన్నచో కారణములు నాలుగే. చెఱువు పూడిపోయి నీరు పట్టకుండుట, అనగా బ్యాటరీ ముదిరిపోవుట; ఇంజను తోడకుండుట, అనగా ఆల్టర్నేటరు చెడుట; కాలువ పూడుట, అనగా వైరు లేక ఎర్తు తుప్పుపట్టుట; ఎచ్చటనో గండి పడుట, అనగా బండి నిలిపియున్నను విద్యుత్తు కారిపోవుట. ఈ నాల్గింటిలో ఏది యని తేల్చుటయే పరీక్ష. దీనికి కొలది వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు చాలును. ప్రవాహము కొలుచు ఆఱవ పరీక్షకు దప్ప, మిగిలినవానికి దానిని 20 వోల్టుల డి.సి. గుర్తుకు త్రిప్పవలెను.

మొదటి పరీక్ష: కంటితోను చేతితోను.

ఇంజను ఆపి చూడవలెను. బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లని లేక పచ్చని పొడి చేరినదా? చేతితో త్రిప్పిన క్లాంపు కదలుచున్నదా? బెల్టు వదులై నునుపుదేరినదా? పిమ్మట తాళము త్రిప్పి, స్టార్టు చేయక, చార్జింగు లైటును చూడవలెను. అది వెలుగవలెను; ఇంజను నడచిన వెంటనే ఆరవలెను. తాళము త్రిప్పినను అది వెలుగనే లేదన్నచో మంచిదని భ్రమింపరాదు. బల్బు మాడినను, ఎవరైన తీసివేసినను అట్లే యుండును. అనేక బండ్లలో ఆ బల్బు ద్వారానే ఆల్టర్నేటరునకు ఆరంభపు విద్యుత్తు అందును.

రెండవ పరీక్ష: విశ్రాంతిలో బ్యాటరీ.

రాత్రియెల్ల నిలిపిన బండికి ఉదయమున కొలువవలెను. 12.6 వోల్టులున్నచో బ్యాటరీ నిండుగా నున్నది. 12.4 ముప్పాతిక, 12.2 సగము, 12కు దిగువ దాదాపు ఖాళీ. మూతలు గల బ్యాటరీ యైనచో హైడ్రోమీటరుతో ఆఱు గదులను చూడవలెను. ఒక గది లెక్క తక్కినవానికంటె 0.050 తగ్గియున్నచో ఆ బ్యాటరీపై ఆశ వదలుకొనవలెను. నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు ఎన్నడును పోయరాదు.

మూడవ పరీక్ష: సెల్ఫు కొట్టునపుడు.

ఒకరు సెల్ఫు కొట్టగా మఱియొకరు మీటరు చూడవలెను. వోల్టులు 9.6కు దిగువకు పడరాదు. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ కూడ అంతకంటె క్రిందికి పడినచో బ్యాటరీ బలము పోయినది, లేదా సెల్ఫు మితిమీరి లాగుచున్నది. ‘టక్’ మను చప్పుడు మాత్రమే వచ్చి, వోల్టులు 12 దగ్గఱనే నిలిచినచో, బ్యాటరీని నిందింపక వైర్లను, ఎర్తును, సెల్ఫును చూడవలెను.

నాల్గవ పరీక్ష: చార్జింగు.

ఇంజను కొంచెము వేగముగా నడుపుచు బ్యాటరీయొద్ద కొలువగా 13.8 మొదలు 14.5 వఱకు ఉండవలెను. హెడ్‌లైట్లు వేసినను 13.5కు తగ్గరాదు. 12 చిల్లర వద్దనే యుండి క్రమముగా దిగుచున్నచో చార్జింగు లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ వేడెక్కి ఆమ్లపు వాసన వచ్చును, బల్బులు మాడిపోవును. 2020 ఏప్రిలునుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో కొన్నింట కంప్యూటరే చార్జింగును హెచ్చించి తగ్గించుచుండును. అట్టివానిని ఒక్క కొలతతో తప్పుపట్టరాదు.

అయిదవ పరీక్ష: వైరు, ఎర్తు.

ఇంజను నడచుచు, లైట్లు వెలుగుచుండగా, మీటరు ఒక మొనను ఆల్టర్నేటరు లావు వైరు బోల్టుపై, రెండవ మొనను బ్యాటరీ ప్లస్సుపై ఉంచవలెను. 0.3 వోల్టు మించినచో ఆ వైరు దారిలో లోపమున్నది. పిమ్మట ఆల్టర్నేటరు ఒంటిపై ఒకటి, బ్యాటరీ మైనస్సుపై ఒకటి ఉంచవలెను. 0.2 మించినచో ఎర్తు లోపము. మన ప్రాంతపు చెమ్మకును, చేపనీటికిని ఈ లోపమే తఱచుగా కలుగుచున్నది. ఈ పరీక్ష చేయునపుడు కండువా, పంచె చెఱగు బెల్టునకు తగులకుండ జాగ్రత్తపడవలెను.

ఆఱవ పరీక్ష: గండి.

అన్నియు ఆపి, తలుపులు వేసి, తాళము తీసి, అరగంట ఆగవలెను. బ్యాటరీ మైనస్సు వైరు ఊడదీసి, 10 ఆంపియర్ల గుర్తుపై నున్న మీటరును టెర్మినలునకును వైరునకును మధ్య కలుపవలెను. 0.05 ఆంపియరు లోపున్నచో భయము లేదు. 0.5 ఉన్నచో దినమునకు 12 ఆంపియరు-గంటలు పోవును; 60 గంటల బ్యాటరీ రెండున్నర దినములలో సగమగును. అపుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయవలెను. దేనిని తీయగా అంకె తగ్గునో ఆ దారిలో గండి యున్నది. తరువాత అమర్చిన పాటల పెట్టెలు, అదనపు లైట్లు ముందుగా అనుమానింపదగినవి. ఏ ఫ్యూజుతోను తగ్గనిచో ఆల్టర్నేటరు డయోడ్లను ఎలక్ట్రీషియనుకు చూపవలెను. మీటరు ఇట్లు కలిపియుండగా సెల్ఫు కొట్టరాదు.

కొన్ని జాగ్రత్తలు.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ వైరు తీసి ‘చార్జింగు ఉన్నదా’ అని చూచు అలవాటు కొందఱికి కలదు. పూర్వపు డైనమోలకు అది చెల్లినది. నేటి ఆల్టర్నేటరుతో అట్లు చేసినచో వోల్టులు ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, కంప్యూటరు మాడిపోవచ్చును. వైర్లు ఊడదీయునపుడు మైనస్సును ముందు తీయవలెను. బిగించునపుడు దానిని చివర బిగించవలెను. చార్జి యగు బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గనుక దానియొద్ద బీడీ, అగ్గిపుల్ల కూడదు.

కొనువారికి మా మనవి.

ఉదయమున, చల్లని ఇంజనుతో బండిని చూడుడు. ముందుగా స్టార్టు చేసి యుంచవద్దని అమ్మువానితో చెప్పుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలను ముంచినది. నీట మునిగిన బండి కడిగి రంగు వేయగా కొత్తదానివలె కనబడును. కాళ్లక్రింది మ్యాటు ఎత్తి, సీటు అడుగున, ఫ్యూజు పెట్టె మూలలందు ఎండిన ఒండ్రు, కనెక్టర్లలో పచ్చని చిలుము ఉన్నవేమో చూడుడు. ఉన్నచో ధర ఎంత తక్కువైనను కొనకుండుటయే మేలు.

తుదకు, ప్రతి సంఘమును ఒక మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు కొని కార్యాలయమున ఉంచిన బాగుండును. సభ్యులు నెలకొకసారి తమ బండి వోల్టులను చూచి పుస్తకమున వ్రాసికొన్నచో, అంకె తగ్గుట ముందుగనే కనబడును. చెఱువు పట్టు నాటికి ముందే లోపము తెలిసినచో దాని మరమ్మతు స్వల్పము. పట్టిన నాడు తెలిసినచో సరకుతో కూడ నష్టము.