క్వాస్, తరవాణి

పిల్లలూ! దేశం బయట మన కేంద్రీయ విద్యాలయాలు మూడున్నాయి: కాఠ్మండూ, తెహ్రాన్, మాస్కో. బదిలీల మీద తిరుగుతూ మేము కొంతకాలం మాస్కోలో ఉన్నాం. అక్కడి తిండిలో మాకు బాగా గుర్తుండిపోయింది ఒక పానీయం. ఈ పాఠం దాని గురించే.

మొదటి వేసవిలో ఎదురింటి ముసలావిడ ఒక సీసా తెచ్చి ఇచ్చింది. లోపల ముదురు గోధుమరంగు ద్రవం. మా అబ్బాయి కూల్‌డ్రింకు అనుకుని పెద్ద గుక్క వేసి, ముఖం చిట్లించి గ్లాసు కింద పెట్టేశాడు. "పాచిపోయింది" అన్నాడు. ఆవిడకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. అయినా ముఖం చూస్తే తెలియకపోతుందా! నవ్వి ఊరుకుంది.

ఆ పానీయం పేరు క్వాస్. రై అనే ధాన్యంతో చేసిన నల్లరొట్టెను ముక్కలు కోసి, బాగా ఎర్రగా కాల్చి, వాటి మీద వేడినీళ్లు పోస్తారు. చల్లారాక కొంచెం చక్కెర, ఈస్టు కలిపి ఒకటి రెండు రోజులు పులియనిస్తారు. వడకట్టి సీసాల్లో పోసి, నాలుగు ఎండుద్రాక్షలు వేసి చల్లటి చోట పెడతారు. పులిసే ఏ పానీయంలోనైనా కాస్త ఆల్కహాలు పుడుతుంది; క్వాస్‌లో అది 1.2 శాతం దాటకూడదని అక్కడి నియమం. దాన్ని మద్యంగా లెక్కించరు, పిల్లలూ తాగుతారు. సోవియట్ కాలంలో వేసవి వస్తే వీధి మూలల్లో చక్రాల మీద పసుపుపచ్చ పీపాలు వెలిసేవి. జనం వరసలో నిలబడి గ్లాసుల్లో పట్టించుకునేవారు.

ఇది నిన్నమొన్నటి అలవాటు కాదు. 996లో వ్లదీమిర్ రాజు ప్రజలకు తిండితో పాటు తేనె పానీయం, క్వాస్ కూడా పంచిపెట్టించాడని రష్యా ప్రాచీన చరిత్ర గ్రంథంలో ఉంది.

ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అదేమిటే, తరవాణి కదటే అది! వాళ్లు రొట్టెతో పెట్టుకున్నారు, మనం అన్నంతో పెట్టుకుంటాం" అంది. తరవాణి అంటే ఏమిటని మా అబ్బాయి అడిగాడు. కుండలో గంజి, కడుగునీళ్లు పోసి పులియబెట్టడం, ఆ పుల్లటి నీళ్లలో రాత్రి అన్నం వేసి ఉంచడం, వేసవి పొద్దున్నే దాన్ని ఉల్లిపాయతోనో ఆవకాయతోనో తినడం, అన్నీ అమ్మ ఓపికగా చెప్పింది. తెలుగు టీచరు కొడుకు ఆ మాటను మొదటిసారి విన్నది మాస్కోలో. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ మాట మాకు తెలుసు గానీ, దాని రుచి మాకూ తెలియదు. మా చిన్నప్పటికే ఇంట్లో తరవాణి కుండ పెట్టడం మానేశారు.

ఇప్పుడు కాస్త భాష సంగతి చూద్దాం. రష్యన్‌లో 'క్వాసిత్' అంటే పులియబెట్టడం. పులియబెట్టిన క్యాబేజీని 'క్వాషెనయ కపుస్త' అంటారు. మనకు పులుపు నుంచి పులుసు, పులిహోర, పులియబెట్టడం వచ్చినట్టే వాళ్లకూ ఒకే మాట నుంచి ఒక కుటుంబం పుట్టింది. ఇంకా చిత్రం: ఆయుర్వేదంలో కషాయాన్ని క్వాథం అంటాం కదా, ఆ సంస్కృత పదమూ క్వాస్ అనే పదమూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు.

మరి గోధుమ ఉండగా రై రొట్టె ఎందుకు? రై గడ్డకట్టే చలిని తట్టుకుంటుంది, సారం తక్కువైన నేలలోనూ పండుతుంది. అందుకే రష్యా, పోలండ్, ఫిన్లండ్ వంటి ఉత్తరాది దేశాల్లో అది నిలిచింది. (హిందీలో 'రాయీ' అంటే ఆవాలు. దీనికీ దానికీ సంబంధం లేదు. మా ఇంట్లోనే ఒకరు పొరబడ్డారు.) ఆ రొట్టెల్లో 'బొరొదిన్‌స్కీ' అని ఒకటుంది. మొదటిసారి కోసినప్పుడు వంటింట్లో చారు వాసన వచ్చిందని అందరం ఆగిపోయాం. చూస్తే పైన ధనియాలు!

క్వాస్ ఉత్త పానీయమే కాదు. కీరా, ముల్లంగి, ఉడికించిన బంగాళాదుంప, కోడిగుడ్డు, ఉల్లికాడలు, సోయికూర సన్నగా తరిగి, పైన చల్లటి క్వాస్ పోసి, పుల్లటి మీగడ వేసుకుంటే 'అక్రోష్క' అవుతుంది. మాంసం కూడా వేస్తారు, అక్కర్లేనివారు మానేస్తారు. 'సన్నగా తరగడం' అనే క్రియ నుంచే ఆ పేరు వచ్చింది. మా అబ్బాయికి క్వాస్ నచ్చింది ఇలా గిన్నెలో వచ్చాకే. గ్లాసులో మాత్రం చివరిదాకా అంతంతమాత్రమే. అబద్ధం ఎందుకు చెప్పాలి!

అక్కడివాళ్లు రోజూ వండుకునే 'గ్రేచ్క' కూడా మాకు కొత్తే అనుకున్నాం. ఢిల్లీ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి చూసి, "ఇది కుట్టూ, నవరాత్రి ఉపవాసాల్లో పిండి చేసుకుంటాం" అని తేల్చేసింది. ఉత్తరాదిలో చదువుతున్న మీలో చాలామంది అది తినే ఉంటారు.

అతిథి వస్తే గుండ్రటి రొట్టె, దాని మీద ఉప్పు పెట్టి స్వాగతం చెప్పడం రష్యన్ల పాత ఆచారం. అతిథి ఒక ముక్క తుంచి, ఉప్పులో అద్దుకుని తినాలి. రొట్టె అంటే 'ఖ్లెబ్', ఉప్పు అంటే 'సోల్'. ఈ రెండూ కలిపిన 'ఖ్లెబసోల్నీ' అనే మాటకు అర్థం అతిథులను ఆదరించే మనిషి అని.

మేము తిరిగి వచ్చేస్తున్నప్పుడు ఎదురింటావిడ మళ్లీ ఒక సీసా తెచ్చింది. ఈసారి మా అబ్బాయి గ్లాసు నిండా పోయించుకుని, ఆవిడ చూస్తుండగా ఖాళీ చేశాడు.

అభ్యాసం

1. మీరిప్పుడున్న ఊళ్లో పులియబెట్టి చేసే వంటకం ఒకటి కనుక్కోండి. ఒడిశాలో పఖాళ, సిక్కింలో గుంద్రుక్ ఉన్నాయి. దాన్ని ఎలా చేస్తారో ఆ ఊరివాళ్లనే అడిగి అయిదు వాక్యాల్లో రాయండి.

2. పులుపుతో ముడిపడిన తెలుగు మాటలు ఎన్ని రాయగలరు?

3. మీ ఇంట్లో తరవాణి కుండ చివరిసారి ఎవరు పెట్టారు? అమ్మమ్మకో నాన్నమ్మకో ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకురండి.