సమస్య – సలహా: పాతికేళ్ళ సెలవులు ఇప్పుడే కొనుక్కోవాలా?



మాది బళ్ళారి కౌల్ బజార్. మా యజమానికి జీన్స్ కుట్టే షెడ్డు ఉంది. సొంత బ్రాండేమీ లేదు, జాబ్ వర్కే. పెద్ద పార్టీలు కట్ చేసిన బట్ట పంపిస్తే పీసు లెక్కన కుట్టించి ఇస్తాము. ఇంటిపని అయినాక దారాలు కత్తిరించే ఆడోళ్ళ లెక్క, శనివారం బట్వాడా నేను చూసుకుంటాను. పాప తొమ్మిది, బాబు ఆరు చదువుతున్నారు.

పోయిన వారం ఒక ఫోను వచ్చింది. ఎప్పుడో పెట్రోలు బంకులో నింపి వేసిన కూపనుకి బహుమతి తగిలిందంట, భార్యాభర్తలిద్దరూ హోటలుకి వచ్చి తీసుకుపోవాలంట. ఒక్కరే వస్తే ఇవ్వరంట. సరే అని పోయినాము. పావుగంట అన్నోళ్ళు రెండున్నర గంటలు కూర్చోబెట్టినారు. కాఫీ, సమోసా, పెద్ద టీవీలో మంచు కొండలు, ఈత కొలనులో పిల్లలు. ఇరవై ఐదేండ్లకి సభ్యత్వం, ఏడాదికి ఏడు రాత్రులు, దేశంలో వాళ్ళ రిసార్టు ఎక్కడుంటే అక్కడ దిగొచ్చు. అసలు ధర 6 లక్షలంట, ఈ రోజే కడితే పన్నుతో కలిపి 4 లక్షల 20 వేలంట. అక్కడ సభ్యత్వాలు అమ్మే పిల్లోడు మా ముందే ఫోనులో లెక్క కట్టి, రాత్రికి 2,400 రూపాయలే పడుతుంది మేడం, వాడుకోకపోతే అమ్ముకోవచ్చు, ఆస్తి మాదిరే అన్నాడు. మా ఆయన లేచి కార్డు గీకి 20 వేలు కట్టేసినారు. మిగిలింది నెలనెలా కంతులు. బహుమతి అంటే ఏదో హోటల్లో రెండు రాత్రుల కూపను, దానికీ ఫీజు కట్టాలంట.

ఏడాదికి 18 వేలు మెయింటెనెన్సు వేరే కట్టాలని ఇంటికొచ్చి కాగితం చదివితే తెలిసింది. సంతకం పెట్టింది ఒక ఫారం మీదే. అగ్రిమెంటు ఇంకా రాలేదు. నెలాఖరు లోపల మొదటి కంతు కట్టమని రోజూ ఫోన్లు.

అనంతపురంలో మా బావగారికి ఇట్లాంటి సభ్యత్వమే ఉంది. బ్యాంకులో పనిచేసి రిటైరైనారు. ఆయన చాలా ఏండ్ల కింద తీసుకొని పిల్లల్ని ఊటీ, మున్నారు, గోవా అన్నీ తిప్పినారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో పోలేక, మిగిలిన ఎనిమిదేండ్లు మీరే తీసుకోండి, 80 వేలిస్తే చాలు అంటున్నారు. ఏది తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో తెలియడం లేదు.

వద్దంటే మా ఆయన ఒకే మాట అంటారు, ఎక్కడికీ తీసుకుపోవని పదేండ్లుగా ఏడ్చింది నువ్వే కదా అని. అది నిజమే. పెండ్లయినాక తిరుపతి, మంత్రాలయం, ఒకసారి హంపి, అంతే. సరే అందామంటే, సీజన్లో దారానికీ జిప్పులకీ నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చేది నాకు తెలుసు. ఆ టీవీ చూసినప్పటి నుంచి పిల్లలు మంచు, మంచు అంటున్నారు. నాకు బేజారైపోయింది.

పేరు వేయొద్దు. — కౌల్ బజార్, బళ్ళారి.

*

అమ్మా,

ఈ సంచిక అచ్చయ్యేలోగా మీ నెలాఖరు వచ్చేస్తుందని, మిగతా డబ్బు కట్టొద్దన్న ముక్క మీ నంబరుకి ముందే చెప్పించాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం టీవీ గురించినదీ కాదు, 2,400 గురించినదీ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నారు చూడండి, అది. అంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షల 20 వేలకి ఆ లెక్కన నెలకి 8,400, ఏడాదికి లక్షా 800 రూపాయలు. మీ ఇంట్లో మిగిలే ప్రతి రూపాయికీ ఉన్న అసలు విలువ అదే, ఎందుకంటే ఆ రూపాయి చేతిలో ఉంటే సీజన్లో అంత అప్పు తగ్గుతుంది. ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ మిగిలితే మీ నలుగురూ ఏ సభ్యత్వమూ లేకుండానే మంచి రిసార్టులో వారం రోజులు ఉండి రావచ్చు. మీ ఆయన వ్యాపారస్తుడు, పీసుకి పావలా తేడా వస్తే పార్టీతో గంట సేపు వాదించే మనిషి అయి ఉంటాడు. ఈ లెక్క ఆయన ముందు పెట్టండి, నా పేరు చెప్పనక్కర్లేదు.

అప్పు సంగతి పక్కన పెట్టి, డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉందనే అనుకుందాం. 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 27,300. దానికి మీరు ఎలాగూ కట్టాల్సిన 18 వేలు కలిపితే 45,300. ఏడు రాత్రులకి పంచితే రాత్రికి దాదాపు 6,470. ఆ ధరకి మడికేరిలోనో చిక్కమగళూరులోనో నిక్షేపమైన గది దొరుకుతుంది, 4 లక్షల 20 వేలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. 7,500 లోపు గదికి ఇప్పుడు జీఎస్టీ 5 శాతమే. సభ్యత్వం మీదా, ఏటా కట్టే ఫీజు మీదా 18 శాతం.

దీనికి ఆ కుర్రాడి దగ్గర జవాబు లేకపోలేదు. గదుల అద్దెలు ఏటా పెరుగుతాయి, మీ సభ్యత్వం ధర పెరగదు అంటాడు. అందులో నిజముంది, నేను కాదనను. కానీ పెరగనిది మీరు ఒకసారి కట్టిన సొమ్ము మాత్రమే. ఏటా కట్టే ఫీజు పెంచే హక్కు కంపెనీ దగ్గరే ఉంటుంది, అగ్రిమెంటు వచ్చాక ఆ పేరా ముందు చదవండి. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగినా ఇవాళ్టి 18 వేలు పన్నెండేళ్ళలో 36 వేలవుతుంది. ఇరవై ఐదేళ్ళలో ఫీజుల రూపంలోనే మీరు కట్టేది 9 లక్షల 87 వేలు. సభ్యత్వం ధర కలిపి 175 రాత్రులకి పంచితే ఒక్కో రాత్రి 8 వేలు దాటుతుంది. అదీ ఒక్క రాత్రి కూడా వృథా కాకపోతే. సగమే వాడుకుంటే 16 వేలు. పోయినా పోకపోయినా ఫీజు మాత్రం కట్టాలి. కట్టకపోతే గది ఇవ్వరు సరికదా, బాకీ మీద వడ్డీ కూడా వేస్తారు. 2,400 అన్న అంకె ఇందులో ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

ఇక అసలు చిక్కు, సగమైనా వాడగలరా అన్నది. మీకు పని ఊపిరాడనిచ్చేది దసరా నుంచి దీపావళి దాకా, మళ్ళీ సంక్రాంతికి, రంజానుకి, ఎండాకాలం పెళ్ళిళ్ళకి. మిషన్లు ఖాళీగా ఉండేది ఆషాఢంలో. బళ్ళో సెలవులిచ్చేది దసరాకీ, ఏప్రిల్, మే నెలల్లోనూ. అంటే పిల్లలకి తీరిక ఉన్న వారం మీ ఆయనకి ఉండదు, ఆయనకి ఉన్న వారం పిల్లలకి ఉండదు. ఈ కంపెనీలన్నీ ఏడాదిని సీజన్లుగా కోసి, ఒక్కోదానికి ఒక రంగు పెట్టి అమ్ముతాయి. వేసవి, దసరా, క్రిస్మస్ వారాలు పై రంగువి, ఖరీదు ఎక్కువ. మీకు ఇచ్చింది ఏ రంగో ఫారంలో చూడండి. తక్కువ ధరలో వచ్చిందంటే నాకు అనుమానమే. పై రంగు కొన్నవాళ్ళు కూడా మే నెలలో ఊటీ గది కోసం నాలుగైదు నెలల ముందే కూర్చుని బుక్ చేసుకుంటారు. వచ్చే వారం లోడు ఎప్పుడు దిగుతుందో తెలియని షెడ్డులో మే నెల ప్రయాణం జనవరిలో ఎవరు ఖాయం చేస్తారు? ఆషాఢంలో పోదామంటారా, అప్పుడు కొండ ఊళ్ళలో గదులు ఎలాగూ చవకే. చవకగా దొరికే రోజుల కోసం పాతికేళ్ళ ముందు డబ్బు కట్టడం ఎందుకు?

మీ బావగారి సంగతి వేరు. బ్యాంకు ఉద్యోగం, జీతం ఒకటో తారీఖు, సెలవు పెడితే సెలవే. మన దేశంలో ఈ వ్యాపారం పాదుకున్నది అలాంటి ఇళ్ళ మీదే. చెన్నై నుంచి స్టెర్లింగ్ అనే సెలవు రిసార్టుల కంపెనీ 1986లో మొదలైంది, మహీంద్రా వాళ్ళ కంపెనీ 1996లో. అప్పట్లో మనబోటి వాళ్ళు కొడైకెనాల్ పోతే మంచి గది ఎక్కడ దొరుకుతుందో చెప్పే దిక్కు లేదు. బస్టాండులో దిగి, లాడ్జి ఏజెంటు వెనక నడవడమే. అలాంటి రోజుల్లో శుభ్రమైన గది, చిన్న వంటిల్లు, పిల్లలకి ఆటస్థలం ఖాయంగా దొరకడమంటే దానికో విలువ ఉండేది. మీ బావగారు దాన్ని పూర్తిగా రాబట్టుకున్నారు, ఆయన మోసపోయారని నేననను. ఇవాళ ఫోను తెరిస్తే కూర్గులో హోంస్టేలు, గోవాలో ఫ్లాట్లు, వాటిలో ఉండి వచ్చిన వాళ్ళ అభిప్రాయాలతో సహా కనిపిస్తున్నాయి. కంపెనీలు కూడా మూడేళ్ళ, పదేళ్ళ పథకాలు అమ్ముతున్నాయంటే పాతికేళ్ళ మాట మునుపటిలా నమ్మించడం కష్టమైందని వాళ్ళకీ తెలుసు. పాతికేళ్ళలో కంపెనీయే చేతులు మారవచ్చు. స్టెర్లింగ్ 1990ల చివర ఇబ్బందుల్లో పడింది, 2014లో థామస్ కుక్ ఇండియా దాన్ని తీసుకుంది.

వాడుకోకపోతే అమ్ముకోవచ్చు, ఆస్తి మాదిరి అన్న మాట మాత్రం నాకు కోపం తెప్పించింది. ఆస్తి అయితే మీ బావగారు ఎనిమిదేళ్ళు మిగిలిన దాన్ని 80 వేలకి సొంత తమ్ముడికి ఎందుకు అంటగడతారు? బయట కొనేవాడు లేక. అదే దాని బజారు ధర. ఆ మాటకి ఇంకా పెద్ద చరిత్ర ఉంది. ముంబై కేంద్రంగా పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ సెలవు పథకాలు అమ్మింది. హోటల్ రాత్రులు వాడుకోండి, వాడుకోకపోతే గడువు చివర పెరిగిన డబ్బు తీసుకోండి అని. కొన్నవాళ్ళలో చాలామంది ఆ హోటళ్ళ ముఖం చూసే ఉద్దేశంతో కొనలేదు. 2016లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అది అనుమతి లేని పెట్టుబడి పథకమని తేల్చి, 51 లక్షల మందికి పైగా జనం దగ్గర తీసుకున్న 7,035 కోట్లు వెనక్కివ్వమని ఆదేశించింది. మీ దగ్గరకొచ్చిన కంపెనీ అలాంటిదని నేను చెప్పడం లేదు. సెలవుని పెట్టుబడి అని ఎవరు అమ్మినా అక్కడి నుంచి లేచి వచ్చేయమంటున్నాను, సమోసా తినకపోయినా ఫరవాలేదు.

బావగారి 80 వేలు కొత్తదానికంటే నయమే. 56 రాత్రులు, రాత్రికి 1,430 దాకా, పైన ఏటా ఫీజు, పేరు మార్పిడికి కంపెనీ అడిగేది. అయినా వెంటనే తీసుకోవద్దు. సభ్యులు తమ రాత్రులకి బంధువుల్ని పంపే వీలు చాలా చోట్ల ఉంటుంది, కొన్నింట్లో దానికి చిన్న రుసుము. ఈ ఏడాది ఫీజు మేమే కడతాం బావగారూ, మీ పేరు మీద మాకు ఒక వారం బుక్ చేయండి అని అడగండి. వారం మొత్తం కుదిరి, హాయిగా ఉండి వస్తే, వచ్చే ఏడాది మళ్ళీ అడగండి. రెండుసార్లు కుదిరితే అప్పుడు కొనుగోలు మాట ఎత్తవచ్చు. మీ తోడికోడలు సంతోషంగా ఒప్పుకుంటుందనే నా ఊహ, ఆ ఫీజు ఏటా దండగ కడుతున్నది వాళ్ళే కదా.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం 'మోసపోయావు' అన్న మాట రానీయకండి. ఆ సాయంత్రం ఆయన కార్డు గీకింది కుర్రాడి లెక్క చూసి కాదు, పక్కన మీరున్నారని. ఇద్దరూ కలిసి రావాలని వాళ్ళు పట్టుబట్టేది అందుకే. పదేళ్ళుగా మీకు బాకీపడ్డ ప్రయాణాన్ని ఒక్క సంతకంతో తీర్చేద్దామనుకున్నాడు. షెడ్డుకి తాళం వేసి నాలుగు రోజులు బయట ఉండటం కంటే 4 లక్షలు కట్టడం కొందరు మగవాళ్ళకి సులువు. నాకు సభ్యత్వం వద్దు, నాలుగు రోజులు కావాలి అని నేరుగా అడగండి. ఎక్కడికి అంటారా? మీ కౌల్ బజారు ఎవరి కోసం పెరిగిందో ఆ కంటోన్మెంటు సిపాయిలకి ఎండలు తట్టుకోలేనప్పుడు సండూరు దగ్గరి రామనదుర్గం కొండ మీద విశ్రాంతి కేంద్రం ఉండేది. వాళ్ళ యూనిఫారాలు కుట్టిన దర్జీల వెనకే మీ జీన్స్ పరిశ్రమ వచ్చిందంటారు. కుట్టినవాళ్ళు ఏ కొండకైనా వెళ్ళారా అన్నది ఎవరూ రాయలేదు. సండూరు మీకు గంటన్నర దూరం, వానాకాలంలో పచ్చగా ఉంటుంది, శని ఆదివారాలు చాలు, బడి మానక్కర్లేదు. కాస్త దూరం పోవాలంటే మడికేరిలో కర్ణాటక పర్యాటక సంస్థ మయూర వ్యాలీ వ్యూ ఉంది, మదనపల్లె పైన హార్స్‌లీ హిల్స్‌లో ఆంధ్రా పర్యాటక సంస్థ వాళ్ళ హరిత హోటలు ఉంది. మంచు కావాలన్న పిల్లలకి అక్కడ పొద్దున పొగమంచు దొరుకుతుంది. అసలు మంచు చూడాలంటే ఇంకా దూరం వెళ్ళాలి, ఆ ఖర్చు సంగతి పాప పదో తరగతి అయ్యాక చూసుకోవచ్చు.

ఆయన ఒప్పుకున్నాక, 20 వేల సంగతి. కట్టింది ఆయన కార్డు, పెట్టింది ఆయన సంతకం, కాబట్టి రద్దు ఉత్తరం కూడా ఆయన పేరు మీదే పోవాలి. ఈమెయిలు ఒకటి, రసీదుతో రిజిస్టర్డ్ పోస్టు ఒకటి. సభ్యత్వం రద్దు చేసుకుంటున్నాం, అగ్రిమెంటు ఇంతవరకు ఇవ్వలేదు, ఏటా కట్టే ఫీజు సంగతి డబ్బు తీసుకునేటప్పుడు చెప్పలేదు, 20 వేలు వాపసు చేయండి, ఇంతే రాయండి. యూరప్ దేశాల్లో ఇలాంటి కొనుగోలుకి 14 రోజుల్లో మనసు మార్చుకునే హక్కు చట్టమే ఇచ్చింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు, కొన్ని కంపెనీలు తమ అగ్రిమెంటులోనే పది రోజులో ఎన్నో రాసుకుంటాయి. ఆ గడువు ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉందేమో పాప చేత చదివించండి. ఫోనులో ఎవరైనా బతిమాలితే, కాగితం మీద రాయండి అని పెట్టేయండి. బ్యాంకులో ఆటోమేటిక్ కోతకి అనుమతి ఇచ్చి ఉంటే అది కూడా ఆపించండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తెగకపోతే బళ్ళారి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా, మీరు ఉండే చోటే కేసు వేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. రెండేళ్ళ లోపు వేయాలి. 5 లక్షల లోపు వ్యవహారానికి కోర్టు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కార్డు గీకిన చీటీ, ఫారం జిరాక్సు, ఆ ఫోన్ల తేదీలు ఒక కవరులో వేసి, శనివారం బట్వాడా పుస్తకం దగ్గరే ఉంచండి.