భుజం దిగితే లేచిపోయే బాబు

సమస్య

మాది ఖమ్మం. మా బాబుకు 16 నెలలు. నడుస్తున్నాడు, అన్నం బాగానే తింటాడు, ఆటల్లో హుషారు. ఒక్క పగటి నిద్ర దగ్గరే ఇంటిల్లిపాదికీ పరీక్ష. ఎవరో ఒకరు భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిప్పితేనే కళ్ళు మూస్తాడు. పడుకున్నాడు కదా అని మెల్లగా పరుపు మీదికి వంగానో లేదో, నా మెడ చుట్టూ చేతులు బిగించి కెవ్వుమంటాడు. మళ్ళీ తిప్పాలి. చివరికి సోఫాలో వెనక్కి వాలి, వాణ్ణి గుండెల మీద పెట్టుకుని, లేచేదాకా కదలకుండా కూర్చుంటున్నాను. గ్యాస్ అతను వచ్చి బెల్లు కొట్టినా లేచే వీల్లేదు. ఈ ఎండల్లో ఇద్దరికీ ఒకటే చెమట. వాడి మెడ మీదా నా భుజం మీదా చెమటకాయలు.

పొద్దున ఆరున్నరకు లేస్తాడు. పదిన్నరకు పడుకోబెట్టడం మొదలుపెడితే నిద్రపోయేసరికి ఒక్కోసారి పదకొండున్నర. సాయంత్రం ఐదింటికి మళ్ళీ ఒక కునుకు. రాత్రి మాత్రం నా పక్కన పరుపు మీదే పడుకుంటాడు, వీపు మీద జోకొడితే చాలు. కాకపోతే పదకొండు దాటితే గానీ నిద్రపోడు.

నేను ప్రైవేటు బడిలో టీచర్ని. జూన్ 12న బడి తెరిచిన రోజే చేరాలి. అప్పట్నించీ పగలంతా బాబు మా అత్తమ్మ దగ్గరే. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, పదిన్నర కిలోల పిల్లాణ్ణి ఎత్తుకు తిప్పడం ఆమె వల్ల కాదు. "ఎత్తుకుని ఎత్తుకుని నువ్వే అలవాటు చేశావు" అంటుంది. మా ఆయనేమో "గదిలో పడుకోబెట్టి తలుపు వేసెయ్, నాలుగు రోజులు ఏడ్చి వాడే అలవాటు పడతాడు" అంటారు. పక్కింటావిడ చీర ఉయ్యాల కట్టమంటోంది. వాడు ఏడిస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఇంకా నెల రోజులే ఉంది. ఈ లోపు మారతాడా?

– ఒక తల్లి, ఖమ్మం

సలహా

మారతాడు. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది: రాత్రిళ్ళు పరుపు మీదే, జోకొడితే నిద్రపోతాడని. అంటే పడుకుని నిద్రపోవడం మీ వాడికి కొత్తగా నేర్పక్కర్లేదు. రాత్రి వచ్చిన విద్యను పగటికి తేవాలి, అంతే.

భుజం మీంచి దించగానే ఎందుకు లేస్తాడో ముందు చూద్దాం. నిద్ర మొదట్లో మాగన్నుగా ఉంటుంది, ఆ తర్వాతే గాఢమవుతుంది. ఈ వయసు పిల్లలకు ఇంచుమించు గంటకోసారి మళ్ళీ మాగన్నులోకి వస్తుంది. ఆ కాస్త మెలకువలో, కళ్ళు మూసేటప్పుడు తన చుట్టూ ఉన్నవే ఇంకా ఉన్నాయా అని బిడ్డ వెతుక్కుంటాడు. ఖమ్మంలో బస్సెక్కి కునుకు తీసిన మనిషి సూర్యాపేట బస్టాండు బెంచీ మీద కళ్ళు తెరిస్తే ఎంత బెదురుతాడో, అమ్మ భుజం మీద కళ్ళు మూసి పరుపు మీద తెరిచిన పిల్లాడూ అంతే. అందుకే నిద్రపోయాక దించడం కంటే, మెలకువలో ఉండగానే పరుపు మీదికి చేర్చి, ఆఖరి రెప్పపాటు అక్కడే పడేలా చూడటం మేలు.

పని మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. వెల్లకిలా పడుకోబెట్టగానే చెవి లాక్కుంటూ ఏడుస్తున్నా, నోరు తెరిచి గురక పెడుతున్నా, తరచూ ముక్కు దిబ్బడ వేస్తున్నా అలవాటు మీద నెట్టెయ్యకూడదు. రక్తహీనత సంగతీ అడగండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐరన్ తక్కువైన పిల్లలకు నిద్ర కలతగా ఉండొచ్చు. పైగా డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు వేయించాల్సిన వయసు 16 నుంచి 24 నెలలు. వేయించకపోతే ఇప్పుడే వేయించండి. ఆ టీకాల జ్వరం, నొప్పి తగ్గాకే కొత్త అలవాటు మొదలుపెట్టండి.

ఇక మీ అసలు ఇబ్బంది వేళలో ఉంది. ఏడాది, ఏడాదిన్నర మధ్య చాలామంది పిల్లలు పగలు రెండు నిద్రల నుంచి ఒక నిద్రకు మారతారు. మీ వాడు ఆ మలుపులోనే ఉన్నట్టున్నాడు. ఆరున్నరకు లేచినవాడికి పదిన్నరకు ఇంకా నిద్ర రాదు. గంటసేపు తిప్పాల్సి రావడం అందుకే. ఐదింటి కునుకు రాత్రి నిద్రను పదకొండు దాటిస్తోంది. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరున్నర వరకూ, మధ్యాహ్నం రెండు గంటలూ పడుకుంటే ఆ లెక్క సరిపోతుంది.

కాబట్టి పదిన్నర వేళను రెండు రోజులకోసారి పావుగంట చొప్పున వెనక్కి జరపండి. రెండు వారాలకు అటూ ఇటూగా పన్నెండున్నరకు చేరతారు. పన్నెండింటికల్లా అన్నం పెట్టెయ్యండి. సాయంత్రం నాలుగు దాటాక నిద్రపోనివ్వకండి. ఆ కునుకు తప్పిన రోజుల్లో చీకటి పడేసరికి చిరాకు పడతాడు, పేచీ పెడతాడు. ఆ పూట ఎనిమిదింటికే పడుకోబెట్టెయ్యండి.

జూన్ 12 నుంచి మధ్యాహ్నం బాబును పడుకోబెట్టేది మీరు కాదు, మీ అత్తమ్మ గారు. మీ చేతి అలవాటు ఎంత చక్కగా కుదిర్చినా ఆవిడ చేతికి రాకపోతే ప్రయోజనం లేదు. అందుకని మొదటి రోజు నుంచే ఆవిడ చెయ్యగలిగే పద్ధతే పెట్టండి. నిలబడి చేసేదేదీ వద్దు. నేల మీద పరుపు, కిందికి వంగలేకపోతే పక్కన ఎత్తుపీట లేదా చిన్న కుర్చీ, ఆవిడ చెయ్యి అందేంత దూరం. గది ఒకటే, కర్టెన్లు మూసి ఉండాలి. కూలర్ గానీ ఫ్యాన్ గానీ ఒకే హోరుతో నడుస్తుంటే కుక్కర్ విజిల్, వీధిలో టమాటాల బండి మైకు అంతగా తగలవు. గ్యాస్ అతను వచ్చే వేళకు బెల్లు స్విచ్ ఆపెయ్యండి. ఈ ఎండల్లో వాడికి పల్చటి నూలు చొక్కా చాలు. చెమటకాయల బాధ తగ్గితే పరుపే హాయనిపిస్తుంది.

రోజూ ఒకే వరస పాటించండి. అన్నం తిన్నాక మూతి, కాళ్ళూ చేతులూ కడగడం, డైపర్ మార్చడం, కర్టెన్ వెయ్యడం, పరుపు మీదికి వెళ్ళడం, ఒకే పాట. అత్తమ్మ గారికి వచ్చిన జోలపాట ఏదైనా సరే, రోజూ అదే పాడాలి. ఫోనులో పాటలు పెట్టకండి. ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

తిప్పడం ఒక్కరోజులో మాన్పించకండి. మొదటి మూడు నాలుగు రోజులు ఎత్తుకోండి గానీ నడవకండి. పరుపు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని జోకొట్టండి. కొంచెం గింజుకుంటాడు, సర్దుకుంటాడు. తర్వాత నాలుగు రోజులు, కళ్ళు బరువెక్కగానే ఒళ్ళోంచి పరుపు మీదికి జార్చి, ముందు పిరుదులు, ఆఖరున తల ఆనించి, వీపు మీదో గుండె మీదో చెయ్యి అలాగే ఉంచి జోకొట్టండి. ఆ తర్వాత, నిద్రలోకి జారుతుండగా జోకొట్టడం ఆపి చెయ్యి మాత్రం ఉంచండి. చివరికి చెయ్యీ తీసి పక్కన కూర్చుంటే చాలు. రెండో మెట్టు దాకా మీరూ అత్తమ్మ గారూ రోజు విడిచి రోజు చెయ్యండి. మూడో మెట్టు నుంచి ఆవిడే చెయ్యాలి. ఆ వేళకు మీరు ఇంట్లోనే ఉంటే వాడు మిమ్మల్నే వెతుక్కుంటాడు. చెప్పి, టాటా చూపించి, బజారుకో గుడికో వెళ్ళిపోండి. కన్నుగప్పి జారుకుంటే మర్నాడు మరీ అతుక్కుంటాడు.

ఏడుపు సంగతి. సణుగుడు వేరు, ఏడుపు వేరు. నిద్ర ముందు పిల్లలు సణుగుతారు, దొర్లుతారు, లేచి కూర్చుంటారు. అప్పుడు పాట ఆపకుండా పక్కనే ఉంటే సరి. గట్టిగా ఏడిస్తే ఎత్తుకోండి, కూర్చునే ఊరడించండి, నెమ్మదించాక మళ్ళీ పరుపు మీదికి. అరగంటైనా నిద్ర పట్టకపోతే లేపి కాసేపు ఆడించి, మరో అరగంటకు మళ్ళీ మొదలుపెట్టండి. అప్పటికీ కాకపోతే ఆ పూటకు ఎత్తుకునే పడుకోబెట్టండి, కొంపేం మునగదు. అలాంటి రోజున దించడానికి తొందరపడకండి. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో ఏడు నెలల లోపు పసివాళ్ళను పరిశీలించి, నిద్రపోయాక 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చుని అప్పుడు దించితే లేవడం తక్కువని గమనించారు. మీ వాడు వాళ్ళకంటే పెద్దవాడే అయినా, చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోయేంత వరకూ ఆగడం వీడికీ పనికొస్తుంది.

తలుపు వేసెయ్యమన్న మీవారి సలహా వద్దు. ఏడాదిన్నర లోపు పిల్లలకు అమ్మ కనపడకపోతే భయం ఎక్కువగా ఉండే కాలమిది. పైగా మీరు నిజంగానే బడికి వెళ్ళబోతున్నారు. పిల్లల్ని కాస్త ఏడవనిచ్చే పద్ధతిని 1985లో పుస్తకంగా రాసిన బోస్టన్ డాక్టరు రిచర్డ్ ఫెర్బర్ కూడా మధ్య మధ్య లోపలికి వెళ్ళి పలకరించమనే చెప్పారు. తలుపు వేసి మర్చిపొమ్మనలేదు.

చీర ఉయ్యాలా వద్దు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు మాట వేరు. లేచి నిలబడే పిల్లాడు అందులోంచి జారి పడొచ్చు, చీర మెలిక మెడకు పడొచ్చు. పైగా ఊపు ఆగితే లేచే కొత్త అలవాటు ఒకటి.

ఎత్తుకుని అలవాటు చేశావన్న మాటకు అత్తమ్మ గారితో వాదన పెట్టుకోకండి. పిల్లల్ని ఎత్తుకోవడం తప్పేం కాదు. ఇక నుంచి బాబు పగటి నిద్ర ఆవిడ చేతిలో ఉంటుంది, ఆవిడ మనసు కష్టపెట్టుకుంటే నష్టపోయేది వాడే. మీవారికి మాత్రం ఒక పని అప్పగించండి. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారమూ బాబును మధ్యాహ్నం పడుకోబెట్టేది ఆయనే. తలుపు తెరిచి ఉంచి, పరుపు పక్కన కూర్చుని, పైన చెప్పిన వరసలోనే.