హన్నా కుట్టిన చిన్న అంగీ

వాక్యభాగము: 1 సమూయేలు 1:1-8, 2:12-21, నెహెమ్యా 8:8-12



థ్యాంక్స్‌గివింగ్ దాటితే చాలు, మన ఫోన్లలో సేల్ మెసేజ్‌లు, వాట్సాప్ గ్రూపుల్లో సెమీ క్రిస్మస్ తేదీలు, క్యారల్స్ ఎవరింటికి ఏ రోజు అనే లిస్టులు మొదలవుతాయి. కానుకల మాట వచ్చినప్పుడల్లా మనకు గుర్తొచ్చేది మత్తయి 2వ అధ్యాయంలోని జ్ఞానులే. బంగారము, సాంబ్రాణి, బోళము అన్నీ ఖరీదైనవే. కానీ ఆ శిశువు ఒంటిని మొదట తాకినవి తల్లి చుట్టిన పొత్తిగుడ్డలు (లూకా 2:7). దేవాలయంలో ఆ తల్లిదండ్రులు అర్పించినది కూడా గొఱ్ఱెపిల్లను తేలేని బీదవారికి ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జతే (లూకా 2:24, లేవీయకాండము 12:8). కనుక ఈసారి జ్ఞానులను కాసేపు పక్కన పెట్టి, చేత్తో చేసిన ఒక కానుక గురించి ధ్యానిద్దాం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా సహవాసంలో సీక్రెట్ శాంటా పెట్టినప్పుడు, కానుక 30 డాలర్లకు తగ్గకూడదని నియమం పెట్టింది నేనే. ఒకరికి మంచి వస్తువు, ఇంకొకరికి కొవ్వొత్తి వస్తే బాగుండదని నా ఆలోచన. చీటీలు తీసిన తర్వాతి ఆదివారం ఒక కుటుంబం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. పిల్లలకు జలుబేమో అనుకున్నాం. ఆ సహోదరుడి ఉద్యోగం నవంబరులోనే పోయిందని జనవరిలో తెలిసింది. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ప్రతి డాలరూ లెక్కే. నలుగురికి నాలుగు చీటీలంటే 120 డాలర్లు. అడగడానికి మొహమాటం, మానేయడానికి సిగ్గు. అందుకే ఆరాధనకే రావడం మానుకున్నారు. పండుగ సంతోషం కోసం నేను పెట్టిన నియమం ఒక కుటుంబాన్ని పండుగకు దూరం చేసింది. ఈ వాక్యభాగాన్ని నేను మళ్లీ చదవడానికి కారణం అదే.

ఎల్కానా కుటుంబం ఏటేటా షిలోహుకు వెళ్లేది. బలి అర్పించాక ఎల్కానా ఇంటివారందరికీ భోజనంలో పాళ్లు పంచేవాడు. పెనిన్నాకు, ఆమె కొడుకులకు, కూతుళ్లకు ఎవరి పాలు వారికి. మంచి ఏర్పాటే, ఎవరినీ మరచిపోలేదు. కానీ ఆ పంపకంలోనే హన్నా బాధ బయటపడుతుంది. పెనిన్నా ముందు పాళ్లు వరసగా పేరుకుంటుంటే, హన్నా ఒంటరిగా కూర్చుంటుంది. ఎల్కానా ఆమెను ప్రేమించాడు గనుక రెండు పాళ్లు ఇచ్చాడు. అయినా ఆమె తినలేదు, ఏడ్చింది. ఏటేటా ఇంతే అని లేఖనం చెబుతోంది (1:7). మామూలు రోజుల్లో ఎలాగో మోసుకునే బరువు పండుగ రోజున మోయలేనిదవుతుంది. రెట్టింపు కానుక కూడా ఆ కన్నీళ్లను ఆపలేదు.

మన ప్రేమ విందుల్లో పెనిన్నాలు లేరని అనుకోకండి. బిర్యానీ ప్లేటు అందిస్తూ, పెళ్లయి ఆరేళ్లయిన దంపతులను "ఇంకా విశేషమేమీ లేదా?" అని అడిగేవాళ్లం మనమే. "మీవాడికి గ్రీన్ కార్డు వచ్చిందా?" అనేదీ మనమే. పెనిన్నా కావాలనే విసికించేది. మనం మాత్రం ప్రేమతోనే అడుగుతున్నామనుకుంటాం. వినేవారికి ఆ తేడా తెలియదు.

ఇప్పుడు రెండవ అధ్యాయానికి వద్దాం. ఇక్కడ రెండు రకాల చేతులు కనబడతాయి. ఏలీ కుమారుల పనివాడు మూడు ముండ్ల కొంకి పట్టుకుని వస్తాడు. జనం మాంసం వండుకుంటుండగా కుండలో గుచ్చి, పైకి వచ్చినదంతా తీసుకుపోతాడు. తర్వాత అది కూడా చాలక పచ్చి మాంసమే అడుగుతాడు, ఇవ్వకపోతే బలవంతంగా లాక్కుంటానంటాడు (2:13-16). యెహోవా సన్నిధిలో, పండుగకు వచ్చిన యాత్రికుల కుండల్లో జరుగుతున్న దోపిడీ ఇది. ఆ వర్ణన ముగిసీ ముగియగానే, 18, 19 వచనాల్లో బాలుడైన సమూయేలు, వాని తల్లి కనబడతారు. ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. అదే మందిరం, అదే పండుగ. ఒక చేతిలో కొంకి, ఇంకో చేతిలో అంగీ. డిసెంబరులో మన చేతిలో ఏది ఉందో ఒకసారి చూసుకోవాలి. అర్ధరాత్రి లేచి డీల్స్ కోసం క్లిక్ చేస్తూ కూర్చున్నప్పుడు నాకు ఆ కొంకే గుర్తొస్తుంది. (సేల్‌లో కొనడం పాపమని చెప్పడం లేదు. మా ఇంట్లో రైస్ కుక్కర్ కూడా అలా కొన్నదే.)

ఆ అంగీ దగ్గర కాస్త ఆగుదాం. అంగీ అని అనువదించిన హెబ్రీ మాట మెయీల్. ప్రధానయాజకుడు ఏఫోదు కింద వేసుకునే నిలువుటంగీకి కూడా అదే మాట వాడారు (నిర్గమకాండము 28:31). మందిర సేవలో ఉన్న తన బిడ్డకు హన్నా అలాంటి పేరున్న వస్త్రాన్నే చిన్న కొలతలో చేసింది. ఆ రోజుల్లో ఇంట్లో అంగీ చేయడమంటే బజారులో తాను కొని కుట్టడం కాదు. నూలు వడకాలి, నేయాలి, కుట్టడం ఆ తర్వాతే.

ఇక్కడ నన్ను ఆపే ప్రశ్న ఒకటుంది. ఆమెకు కొలత ఎలా తెలిసింది? బిడ్డను చూసేది ఏడాదికి ఒకసారి. చివరిసారి చూసినప్పుడు వాడు నడుము దాకా ఉన్నాడనుకోండి, ఇప్పుడు ఎంత ఎదిగి ఉంటాడు? భుజాలు ఎంత వెడల్పయ్యాయి? అవన్నీ ఊహించుకుంటూనే కుట్టి ఉండాలి. మనకు ఇది కొత్త కాదు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మమ్మ, ఇక్కడి మనవరాలికి లంగా జాకెట్టు కుట్టించి పంపుతూ "కాస్త వదులుగానే కుట్టించానమ్మా, పొడుగు ఎదిగి ఉంటుంది కదా, లోపల మడత పెట్టాను, విప్పుకోండి" అంటుంది. ఆ మడతలో ఉన్నదే ప్రేమ. చూడలేని బిడ్డను ఏడాది పొడుగునా తలచుకుంటూ ఉంటే తప్ప ఆ మడత పెట్టడం చేతకాదు. గిఫ్ట్ కార్డుకు కొలత అక్కర్లేదు, అందుకే అది అంత సులువు.

ఇంకొక మాట. హన్నాకు తర్వాత ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు (2:21). ఒకప్పుడు కన్నీళ్లతో నడిచిన షిలోహు దారినే ఆమె ఇప్పుడు చేతిలో అంగీతో నడిచింది. ఆమె బాధ తీర్చింది ఎల్కానా ఇచ్చిన రెట్టింపు పాలు కాదు, ఆమె ప్రార్థన విన్న దేవుడు. మన చేతి కానుకలు ఎవరి లోటునూ పూడ్చలేవు. అయితే ఎవరి కోసమో మనం కూర్చుని ఆలోచించామని అవి చెప్పగలవు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె బ్రతికుండగా చేసిన అంగీలు, వస్త్రాలే (అపొ. కార్య. 9:39). వాళ్లు ఆమె గురించి చెప్పాల్సినదంతా ఆ బట్టలే చెప్పాయి.

చేత్తో చేసినదైతే చాలు, అది మంచి కానుకే అనుకోవద్దు. యాకోబు యోసేపుకు విచిత్రమైన నిలువుటంగీ చేయించాడు (ఆదికాండము 37:3-4). ప్రేమతోనే చేశాడు. కానీ మిగిలిన కొడుకుల కళ్లెదుట ఒక్కడికే ఇచ్చిన ఆ అంగీ ఇంటిని చీల్చింది. ఇండియాకు సూట్‌కేస్ సర్దేటప్పుడు, ఏ అన్న పిల్లలకు ఎంత, ఏ అక్క పిల్లలకు ఎంత అని మనం పడే తంటాలు ఆ కథ తెలిసినవారికి నవ్వులాట కాదు.

ఇక నెహెమ్యా 8వ అధ్యాయం. చెర నుండి తిరిగి వచ్చినవారు ఏడవ నెల మొదటి దినాన యెరూషలేములో కూడుకున్నారు. ఎజ్రా ధర్మశాస్త్రం చదివాడు. జనులకు తేటగా తెలిసేలా లేవీయులు దాని అర్థం చెప్పారు (8:8). తెలుగు పాట పాడుతూ, దాని భావం పిల్లలకు ఇంగ్లీషులో చెప్పే మన సండే స్కూల్ టీచర్ల పని కూడా అలాంటిదే. జనం విని ఏడ్చారు. అప్పుడు నాయకులు, ఇది పరిశుద్ధ దినం, ఏడవకండి, వెళ్లి మంచి భోజనం చేసి తియ్యనివి తాగండి, తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి పాళ్లు పంపండి అన్నారు.

ఈ "పాళ్లు" అనే మాట గమనించండి. ఎల్కానా పంచిన పాళ్లకూ, నెహెమ్యా పంపించమన్న పాళ్లకూ, ఎస్తేరు 9:22లో యూదులు ఒకరికొకరు పంపుకున్నవాటికీ హెబ్రీలో ఒకే మాట. ఎల్కానా ఇంట్లో పాళ్లు పిల్లల లెక్కన పంచారు, కాబట్టి ఉన్నవారికే ఎక్కువ వచ్చాయి. ఇక్కడ పాళ్లు ఏమీ లేనివారి ఇంటికి నడిచి వెళ్లాయి. పండుగ భోజనం తినమన్న నోటితోనే పంపమని కూడా చెప్పారు. తినడం, పంపడం రెండూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 16:14లోని అతిథుల జాబితాలో కొడుకు, కూతురు, దాసులతో పాటు లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు కూడా ఉన్నారు. ఈ దేశంలో పరదేశులు అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మొదటి సెమిస్టర్ విద్యార్థి, కాన్పు సాయానికి వచ్చి రోజంతా అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా గడిపే అత్తమ్మ, నైట్ షిఫ్ట్ నర్సు. గల్ఫ్‌లో ఉన్న మన సహోదరులకైతే చాలా చోట్ల డిసెంబర్ 25 పనిదినమే. లేబర్ క్యాంపులో ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకుని ఉంటారో వారిని సందర్శించేవారికి తెలుసు.

అందుకే మా సహవాసంలో చీటీలు, డాలర్ల నియమం తీసేశాం. వాటి స్థానంలో డిసెంబర్ రెండవ శనివారం అందరం ఒక ఇంట్లో కూడుకుని పిండివంటలు చేస్తాం. అరిసెలతో మొదలుపెట్టడానికి కారణముంది. అరిసెలు ఒక్కరివల్ల అయ్యే పని కాదు. బియ్యం ఒక రోజు ముందే నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టిన క్షణానికి దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. వేగాక ఇంకొకరు రెండు గరిటెల మధ్య నూనె ఒత్తాలి. ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరి తండ్రికి ఒంట్లో బాగోలేదో ఆ పొయ్యి దగ్గర దానంతటదే బయటికి వస్తుంది. మొదటి ఏడు మా పాకం ముదిరి అరిసెలు రాళ్లయ్యాయి. వాటినే డబ్బాల్లో పెట్టి పంచాం, పాలల్లో నానేసుకుని తిన్నారు. డబ్బులు ఉన్నవారు బెల్లం, నూనె తెస్తారు, లేనివారు చేతులు తెస్తారు. ఎవరు ఏం తెచ్చారని ఎవరూ రాయరు. ఒకనికి కలిగినదాన్ని బట్టే దేవుడు అంగీకరిస్తాడు గాని లేనిదాన్ని బట్టి కాదని పౌలు చెప్పిన మాట (2 కొరింథీ 8:12) అక్కడ అర్థమైంది.

ఆ కుటుంబం ఇప్పుడు ఇక్కడ లేదు, ఇండియాకు తిరిగి వెళ్లిపోయారు. నేను ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఆమె "అదేం లేదు ఆంటీ" అంది గాని, ఆ మాట అనడానికి కాసేపు పట్టింది.

ఈ నెల గృహ కూటాల్లో మాట్లాడుకోవడానికి కొన్ని ప్రశ్నలు. ఎల్కానా హన్నాను ప్రేమించాడు, అయినా ఆమె బాధను ఎందుకు తీర్చలేకపోయాడు? మన విందుల్లో ఎవరైనా తినకుండా లేచి వెళ్తున్నారా? హన్నాలా ఈ ఏడాదంతా మనం ఎవరి కొలత తలచుకున్నాం? పిల్లలనూ అడగండి: తాతయ్యకు, నానమ్మకు కొనకుండా ఏమి చేసి పంపగలరు? ఒక కీర్తన తెలుగులో నేర్చుకుని రికార్డు చేయవచ్చు, వంకర అక్షరాలైనా ఒక ఉత్తరం రాయవచ్చు.

పిండివంటల శనివారానికి వచ్చేవారు ఇంట్లో ఖాళీ డబ్బాలు ఉంటే తెండి. వేరుశెనగ, జీడిపప్పు, నువ్వులు వేసిన వాటి మీద పేరు రాసి అంటించడం మరువద్దు, మన పిల్లల్లో ఇద్దరికి పడవు. బియ్యం శుక్రవారం ఉదయమే నానబెట్టాలి.