డీసెల్ ఇంజను పనిలో మొదటి పాఠము

కామాటిపురమునకు ఆ పేరు కామాటీలవలన వచ్చినది. 18వ శతాబ్ది చివరినుండి తెలుగునాటినుండి వచ్చి, నాటి బొంబాయిలో రాళ్ళు మోసి గోడలు కట్టినవారు వారు. తాపీపని కన్నులయెదుట జరుగును. గోడ వంకరయైనచో దారమునకు కట్టిన గుండు చెప్పును. డీసెల్ ఇంజనులో జరుగునదంతయు లోపలనే జరుగును. కావున ఈ పనిలో చేరదలచిన విద్యార్థి ముందుగా కారణమును తెలిసికొనవలెను.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చుటకు ప్లగ్గు ఉండును. డీసెల్ ఇంజనులో అది లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని సుమారు 16వ లేక 18వ వంతునకు అణచును. సైకిలు పంపు కొట్టినపుడు దాని అడుగు వేడెక్కుట మీరెరిగినదే. ఇచట ఆ వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. ఆ గాలిలోనికి ఇంజెక్టరు నూనెను తుంపరగా చిమ్మగా, అది తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీసెల్ అను ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ఇట్టి ఇంజనును నడిపి చూపెను.

పాత రకపు ఇంజనులలో ఫిల్టరు మార్చిన పిదప ఒక చిక్కు తరచు వచ్చును: ఇంజను తిరుగును గాని అంటుకొనదు. క్రొత్తవాడు బ్యాటరీని నిందించును. ఇంజను తిరుగుచునే యున్నది గదా, బ్యాటరీ తప్పేమి? నూనెగొట్టములో గాలి చేరినది. గాలి అణగును, నూనె అణగదు. పంపు నొక్కినకొలది గాలిబుడగ ముడుచుకొనునే గాని ఇంజెక్టరు తెరచుకొనదు. గాలి వదలు స్క్రూను సడలించి, చేతిపంపు కొట్టి, బుడగలు లేని నూనె వచ్చిన పిమ్మట బిగింపవలెను. ఇంజను నడుచుచుండగా ఇంజెక్టరు గొట్టములు విప్పరాదు. కారుచున్నదేమోయని వ్రేలితో తడవరాదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిపోటంత కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తొలిదినములలో విడిభాగములు తుడుచు పని నిచ్చినచో చిన్నబుచ్చుకొనకుడు. ఇంజెక్టరు రంధ్రములు అతి సన్ననివి. చిన్న మట్టిరేణువు చాలును వానిని పూడ్చుటకు.

తల్లిదండ్రుల కొక మాట. ఎనిమిదవ తరగతి కాగానే పిల్లవానిని తెలిసినవారి గారేజీలో పెట్టినచో ఇంటికి నాలుగు రూపాయలు వచ్చునని తోచవచ్చును. కాని ఐ.టి.ఐ.లో ఒక సంవత్సరపు డీసెల్ మెకానిక్ శిక్షణకు పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. పిదప 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద భృతితో పని నేర్వవచ్చును. ముంబయి వీథులలో మామూలు డీసెల్ డబుల్ డెక్కరు బస్సు 2023 సెప్టెంబరు 15న చివరిసారి నడచినది. విద్యుత్ బస్సులు వచ్చినవి. లారీలకును, పడవలకును, జనరేటర్లకును డీసెల్ ఇంకను కావలసియే యున్నది గాని, నేటి మెకానిక్కు విద్యుత్తును గూడ ఎరుగవలెను. గారేజీలో చూచి నేర్చినంత మాత్రమున అది రాదు. ఆ రెండేండ్లు ఓర్చుకొనుడు. ఐ.టి.ఐ. ప్రవేశములు పదవ తరగతి ఫలితముల తరువాత జరుగును. మార్కుల పట్టిక తీసికొని రండు, దరఖాస్తు ఇచటనే కలిసి నింపుదము.