సందేహానికీ సాక్ష్యం కావాలి

సూళ్లూరుపేట

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

తిరుపతిలో కాలేజీ, హాస్టలు రెండూ అలవాటయ్యాయని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మొన్న నువ్వడిగిన దానికి ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను. "క్లాసులో ఒకటి చెబుతారు, వీడియోలో ఇంకొకటి ఉంటుంది, ఏఐని అడిగితే మూడోది చెబుతుంది. ఎవరిని నమ్మాలి తాతయ్యా?" అన్నావు. "ఎవరిని" అన్న చోట "ఏం చూసి" అని పెట్టుకో తల్లీ, సగం చిక్కు విడిపోతుంది.

బడిలో ఫిజిక్సు చెప్పినన్నాళ్లూ ఈ సంగతికి ఉదాహరణల కోసం నేను దూరం పోలేదు. పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట రాకెట్ కేంద్రం. అక్కడ జరిగినవే చెప్పేవాణ్ణి. నీకూ అవే చెబుతాను.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకు ఉంది. ఇంధన నిల్వ సరిపోతుంది, ఎగరవచ్చు అని నిపుణులు చెప్పారు. కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించారు. మొదటి దశ బాగానే పనిచేసింది, రెండో దశలో అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఈ కథ కలాం గారే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. అక్కడున్నవాళ్లంతా దిట్టలే. కానీ ఏళ్ల తరబడి కష్టపడిన పని కళ్లెదుట సిద్ధంగా నిలబడి ఉన్నప్పుడు, "పరవాలేదు" అన్న మాట ఎంత తెలివైనవాడికైనా తీయగా వినిపిస్తుంది. మన ఆలోచనను పక్కదారి పట్టించేది చాలాసార్లు అజ్ఞానం కాదు, ఆశ.

ఆశకు విరుగుడు ఒకటే. ఎక్కడ ఆగాలో ముందుగానే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవడం. 2001 మార్చి 28న తొలి జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌కు ఇంజన్లు మండాయి కూడా. పక్కన అమర్చిన నాలుగు స్ట్రాపాన్ బూస్టర్లలో ఒకదానికి కావలసినంత తోపు (థ్రస్ట్) రాలేదని తేలగానే, ఇంకొక్క సెకనులో లేవాల్సిన రాకెట్‌ను కంప్యూటరే ఆపేసింది. ఈసారి ఆ తీర్పు నిలిచింది. లోపం సరిచేసి ఏప్రిల్ 18న ఎగరేశారు. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం దేశమంతా మేలుకుని ఉంది, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ శ్రీహరికోటలోనే ఉన్నారు. ఇంకా 56 నిమిషాలుందనగా లోపం కనిపించింది, ఆపేశారు. వారం తర్వాత, 22న అదే రాకెట్ చక్కగా లేచింది. అంతమంది ఎదురుచూస్తుండగా "ఇవాళ వద్దు" అనగలగడం చిన్న ధైర్యం కాదు.

అలాగని అన్నిటినీ అనుమానించడమే తెలివి అనుకోకు. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్ తొలి ప్రయోగం చూడు. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపు యాక్సిలరోమీటర్లు కొలవగల హద్దును కాసేపు దాటింది. పరికరాలు బాగానే ఉన్నాయి. వాటి లెక్కలు తేడాగా కనబడగానే, అవి చెడిపోయాయని రాకెట్‌లోని సాఫ్ట్‌వేర్ తీర్మానించేసి, వాటిని వదిలేసి నడిచింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహాలు, ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో పడి పనికిరాకుండా పోయాయి. వాటిలో ఒకటి ప్రభుత్వ బడుల ఆడపిల్లలు 750 మంది చెయ్యి వేసిన ఆజాదీశాట్. తర్వాత, పరికరాన్ని తప్పుపట్టే ముందు ఇంకాస్త ఎక్కువసేపు గమనించేలా సాఫ్ట్‌వేర్ తర్కాన్ని మార్చారు, దశను విడదీసే పద్ధతినీ మార్చారు. 2023 ఫిబ్రవరి 10న ఆ రాకెట్ గెలిచింది, ఆజాదీశాట్-2ను తీసుకుపోయింది.

1979లో హెచ్చరికను తోసేసి నష్టపోయాం, 2022లో తొందరపడి అనుమానించి నష్టపోయాం. నమ్మకానికి సాక్ష్యం అడిగినట్టే సందేహానికీ అడగాలి. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే.

ఇది చదువులో ఎలాగంటావా? లెక్క మొదలుపెట్టకముందే జవాబు ఏ మాత్రం ఉండాలో అంచనా వేసుకో. ఎస్‌ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు. నేల విడవాలంటే తోపు అంతకు మించాలి. పది టన్నులే అని జవాబొస్తే, ఏఐ చెప్పినా, గైడులో ఉన్నా, నువ్వే చేసినా అది తప్పే. మూడు చోట్ల మూడు మాటలు కనిపిస్తే ముందు ప్రమాణాలు సరిచూడు, ఆపైన ఎవరు ఏది ఊహించుకుని మొదలుపెట్టారో చూడు. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

రేపు ఉద్యోగంలో పెద్దవాళ్ల మాట నీకు సరిగా తోచకపోతే "మీరు తప్పు" అనకు. "ఇది ఎలా తేలింది సార్? ఏ కొలత ఎంత దాటితే ఆపుదాం?" అని అడుగు. మర్యాదా నిలుస్తుంది, విషయమూ బయటపడుతుంది. డబ్బు కడితే ఇస్రోలో ఉద్యోగం అని ఎవరైనా అంటే నోటిఫికేషన్ చూపించమను. షుగరు మాత్రలు మానేసి కషాయం తాగమని మీ నానమ్మకు వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను తగువు పడలేదు. "ఎంతమంది తాగారు? తాగాక రక్తపరీక్ష ఎవరైనా చేయించుకున్నారా?" అని అడిగాను. ఆమే ఆలోచించుకుని మాత్రలు కొనసాగించింది.

ఇంకొక్క మాట. 1979 వైఫల్యం రోజు విలేకరుల ముందుకొచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. మరుసటి ఏడు జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. తప్పు చెప్పినవాడిని చిన్నబుచ్చే చోట తప్పులు దాక్కుంటాయి, దాక్కున్న తప్పు గురించి ఎంత తెలివైనవాడూ ఆలోచించలేడు. నీ స్నేహితురాలు "నాకర్థం కాలేదు" అంటే నవ్వకు. నీ లెక్కలో లోపం చూపిస్తే ముఖం మాడ్చుకోకు. మంచి ఆలోచన ఒంటరిగా పండదు.

దసరాకు వచ్చేలోగా ఒక పని చెయ్యి. నువ్వు గట్టిగా నమ్మే సంగతులు మూడు రాసి, ఏది కనిపిస్తే ఒక్కోదాన్ని వదులుకుంటావో కింద రాయి. దేని కింద ఏమీ రాయలేకపోతావో, నువ్వు ఇంకా ఆలోచించనిది అదే. ముందు దాన్ని పట్టుకో.

వేళకు తిను, కంటినిండా నిద్రపో.

ఆశీస్సులతో,
తాతయ్య